పసిబిడ్డల మెదడు గడ్డలు - వైరసులు

పసిబిడ్డల మెదడులో పుట్టు గడ్డలకు వైరసులు కారణములగునా యను ప్రశ్న పండితులలో నేటికిని పూర్తిగా తెగలేదు. నెక్కొండ వంటి యూర నొక తల్లికి ఇది శాస్త్రచర్చ కాదు. బిడ్డకు గడ్డ యున్నదని వైద్యుడు చెప్పినతోడనే యామె మనసున మెదలునవి రెండే ప్రశ్నలు: ఇది తక్కిన బిడ్డల కంటుకొనునా? మేము వేయించిన టీకావలన వచ్చినదా? ఈ రెంటికిని సమాధానము చెప్పకున్నచో వదంతులే సమాధానము చెప్పును.

వైరసు వలన గడ్డ పుట్టగలదను మాట నూతనము కాదు. 1911లో పేటన్ రౌస్ పండితుడు కోడి గడ్డను నూరి, కణములు మిగులకుండ వడపోసి, ఆ ద్రవముతో వేరొక కోడికి గడ్డను పుట్టించెను. లోకము నమ్ముటకు చాలకాలము పట్టినది. నోబెల్ బహుమానము 1966లో గాని రాలేదు! నేడు కాలేయ క్యాన్సరునకు హెపటైటిస్-బి, గర్భాశయ ముఖద్వార క్యాన్సరునకు హెచ్.పి.వి. కారణములని యెల్లరు నంగీకరింతురు.

మెదడు విషయమున కథ చిక్కుపడినది. 1955 మొదలు 1963 వరకు అమెరికాలో వేసిన పోలియో టీకాలు కొన్నింట కోతి కణములనుండి ఎస్.వి.-40 అను వైరసు చేరియుండెను. అప్పుడే పుట్టిన హామ్‌స్టరు పిల్లల మెదడున దాని నెక్కింపగా గడ్డలు పుట్టెనని 1962లో వెల్లడియైనది. 1992లో పిల్లల మెదడు గడ్డలు కొన్నింట దాని జాడలు కనబడెనని పరిశోధకులు ప్రకటించిరి. ఆందోళనము సహజమే. కాని పిమ్మటి పరీక్షలు పెక్కింట ఆ జాడలు కానరాలేదు. ప్రయోగశాలలో వాడు డి.ఎన్.ఏ. ముక్కలు నమూనాలలో కలిసి భ్రమ గొల్పగలవని తేలెను. ఆ టీకాలు పొందిన తరమువారిలో గడ్డలు హెచ్చిన దాఖలాయు లేదు. వైరసు నిర్దోషియని దీని యర్థము కాదు. నేరము రుజువు కాలేదని మాత్రమే. నేడు మన బిడ్డలకు వేయు చుక్కలకు ఆనాటి కల్మషముతో సంబంధము లేదు. వానిని మానుట యెంతమాత్రమును తగదు. గడ్డ యంటువ్యాధియు కాదు. రోగియైన బిడ్డను తోడివారినుండి వెలివేయుట క్రౌర్యము.

అధిక మోతాదు వికిరణము, కొన్ని వంశపారంపర్య దోషములు - నిశ్చయముగ తెలిసిన కారణములివియే. తక్కిన బిడ్డలకేల వచ్చునో యెవరును చెప్పజాలరు. అట్టిచో కారణము తేలువరకు వేచియుండక, లక్షణము కనిపెట్టుటయే కర్తవ్యము. తెల్లవారుజామున తలనొప్పితో వాంతి, నడకలో తూలు, క్రొత్తగా వచ్చిన మెల్లకన్ను, శిశువునకు తల మితిమీరి పెరుగుట - ఇవి పైత్యమనియు దిష్టియనియు త్రోసిపుచ్చదగినవి కావు. దిష్టి తీయుటకు మేమడ్డు చెప్పము. తీసిన పిదప వరంగల్లు బండి యెక్కవలయును.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధన ఫలితమైన అమినోప్టెరిన్‌తో 1948లో బోస్టను వైద్యుడు ఫార్బరు రక్తక్యాన్సరు బిడ్డలకు తాత్కాలికముగనైన నుపశమనము కలిగించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేడు శిశువుల మెదడు గడ్డలలో కొన్నింటికిని వాడబడుచున్నది. ఆ మందునకు మూలపురుషుడు మనవాడు. మన పల్లె బిడ్డకే యది ఆలస్యముగ చేరుట యేమి న్యాయము?

2030 నాటికి క్యాన్సరు సోకిన బిడ్డలలో నూటికి 60 మందినైన బ్రతికింపవలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో లక్ష్యము నిర్ణయించెను. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగినది; సంతోషమే. కాని కూలి మానుకొని హైదరాబాదున నెలల తరబడి నుండవలసిన తల్లిదండ్రుల బస యెవరి భారము? ఆ బసను ప్రభుత్వమువారు వహింపవలయును. పై నాలుగు లక్షణములను గ్రామ ఆశా కార్యకర్తలకు నేర్పుటకు ఒక దినము చాలును. దానిని నెక్కొండ మండలమునుండియే యారంభింపవలయునని కోరుచున్నాము.