ఫిట్ అన్న కాగితం లివర్‌కు కాపలా కాదు

ఇయ్యాల శుక్రవారం, రూంల అందరం ఉన్నం. కూసొని మాట్లాడుకొని ఈ పోస్టు రాస్తున్నం. జర పొడుగుంటది. చదివి పక్క రూం వాళ్లకు కూడా వినిపించండి.

మా రూంల ఒక తమ్ముడు పది దినాలు సరిగా తిండి తినలేదు. అన్నం వాసనకే వాంతి వస్తున్నదన్నడు. జ్వరమని పనడాల్ కొని రోజూ మింగుతున్నడు. డ్యూటీల నల్ల అద్దాలు తీస్తలేడు. ఎండకు పెట్టుకున్నడేమో అనుకున్నం. ఒక రాత్రి లైటు కింద చూస్తే కండ్లు పసుపు పూసినట్టున్నయి. గట్టిగ అడిగితే ఏడ్చిండు. మూత్రం సులేమానీ చాయ్ రంగుల వస్తున్నదట. "కంపెనీకి తెలిస్తే ఎగ్జిట్ కొడ్తరు అన్నా, వీసా అప్పు ఇంకా తీరలే. ఛుట్టీ నుంచి వచ్చేటోళ్లతోని పసిరికల పసరు తెప్పియ్యున్రి, చాలు" అన్నడు.

పసరు తెప్పియ్యలేదు. తెల్లారి ఇన్సూరెన్స్ కార్డు పట్టుకొని దవాఖానకు తీస్కపోయినం. రక్తం చూసి హెపటైటిస్ ఏ అన్నరు. పాడైన నీళ్లు, తిండితోని వచ్చే పసిరికలు. దీనికి వేరే మందు లేదు, విశ్రాంతి కావాలె, నీళ్లు బాగ తాగాలె, పనడాల్ బంద్ చెయ్యాలె అని డాక్టర్ చెప్పిండు. నెల దాటినంక తమ్ముడు మళ్ల డ్యూటీకి పోయిండు. ఉద్యోగం పోలేదు. కానీ పది దినాలు మాతోనే పండుకొని, మాతోనే తిని, మాకే చెప్పలేకపోయిండు. ఆ భయం గురించే ఈ పోస్టు.

మనం లివర్ గురించి ఆలోచించేది ఒక్కటే రోజు, మెడికల్ రోజు. ఆ రోజు రక్తంల హెపటైటిస్ బి, సి ఉన్నయా అని చూస్తరు. లేకుంటే ఫిట్. ఉంటే అన్‌ఫిట్. ఆ పరీక్ష వీసా కోసం, కఫీల్ కోసం. మన కోసం కాదు. ఫిట్ అంటే ఆ రోజు ఆ రోగాలు దొరకలేదని అర్థం. ఇక్కడికొచ్చినంక మనం ఏం తాగుతం, ఏం మింగుతం, ఎవరి బ్లేడుతోని గీసుకుంటం అన్నది ఆ కాగితానికి తెల్వదు. గట్లనే అన్‌ఫిట్ అంటే ఈ వీసాకు కుదరదని. మనిషి పనికిరాడని కాదు.

లివర్ రోగం రెండు తీర్లుంటది. ఒకటి ఉన్నట్టుండి వచ్చేది. ఏ, ఇ రకం పసిరికలు గిట్లనే వస్తయి. చానామందికి కొన్ని వారాలల్ల తగ్గుతయి. మోతాదు దాటిన గోలీలతోని కూడా లివర్ ఒక్కసారే దెబ్బతింటది. పనడాల్ 500 గోలీ ఆరోగ్యంగ ఉన్న పెద్దమనిషికి రోజుకు 8 దాటొద్దు. జలుబు గోలీలల్ల కూడా అదే పారాసిటమాల్ ఉంటది. రెండూ కలిపి మింగితే లెక్క తప్పుతది. మందు తాగేటోళ్లకు, లివర్ రోగం ఉన్నోళ్లకు ఇంకా తక్కువే చెప్తరు, డాక్టర్‌ను అడగాలె. ఎక్కువ మింగితే మొదటి రోజు వాంతులు తప్ప ఏం కనపడకపోవచ్చు. దానికి విరుగుడు మందు ఉన్నది, కానీ 8 గంటల లోపల ఇస్తే బాగ పనిచేస్తది. పొద్దుగాల చూద్దామని పండుకోవద్దు.

రెండోది ఏండ్ల తరబడి నిమ్మలంగ తినేది. బి, సి వైరస్‌లు, మందు, కొవ్వు. లివర్‌కు నొప్పి తొందరగ తెల్వదు. అందుకే అది గట్టిపడి, కాళ్లు ఉబ్బి, కడుపుల నీళ్లు చేరినంక గాని మనకు తెల్వదు. ఈ దేశంల మందు 1952 నుంచి బంద్. అయినా సదీకి దొరుకుతదని అందరికీ తెలుసు. సదీకి అంటే అరబ్బీల నా దోస్తు అని అర్థం. ఆ దోస్తుల ఏం కలిపిన్రో కాసినోనికే ఎరుక. మిథనాల్ కలిస్తే కండ్లు పోతయి, పానం పోతది. నీతులు చెప్తలేం. మా రూంలనూ తాగినోళ్లున్నరు. కానీ మందు ముట్టకుంటే లివర్‌కు ఏం కాదనుకునేది కూడా తప్పే. బండిల కూసొని పది గంటలు, రోజూ పెప్సీ, రాత్రి పెద్ద పళ్లెంల కబ్సా. ఫ్యాటీ లివర్ గిట్లనే వస్తది. షుగరు దానికి తోడైతది.

ఇగ హెపటైటిస్ బి సంగతి. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలె. ఇంతకుముందు ఉన్న క్యాంపుల ఒకాయనకు బి ఉన్నదని తెలిసినంక మేమే ఆయన పళ్లెం వేరు చేసినం, గ్లాసు వేరు చేసినం. ఎక్కడెక్కడ తిరిగి అంటించుకున్నడో అని ఎనుక మాట్లాడినం. ఆయన ఎగ్జిట్ పెట్టుకొని పోయిండు. తర్వాత తెలిసింది, బి రోగం కలిసి తింటే రాదు, చేతులు కలిపితే రాదు, ఒకే బాత్రూం వాడితే రాదు. రక్తంతోని, వాడిన సూదులతోని, పంచుకున్న బ్లేడుతోని, కలయికతోని, కానుపుల తల్లి నుంచి బిడ్డకు వస్తది. పెద్దయినంక సోకితే నూటికి ఐదుగురికి కూడా నిలవదు. పుట్టినప్పుడు సోకితే ఎక్కువమందికి నిలిచిపోతది. అంటే చానామందికి అది తల్లి కడుపు నుంచి బయటపడ్డ రోజే అంటి ఉంటది. మేము ఆయన నడవడిని అనుమానించినం. అమితాబ్ బచ్చన్‌కు 1982ల కూలీ షూటింగ్‌ల దెబ్బ తాకినప్పుడు ఎక్కించిన రక్తంతోనే బి అంటింది. లివర్ ముప్పావు వంతు పోయిందని ఆయనే అందరి ముందు చెప్పిండు. ఆయనకు ఇజ్జత్ పోలేదు. మనోనికి ఎందుకు పోవాలె?

బి ని పూర్తిగ తీసేసే మందు లేదు గాని, అవసరమైనోళ్లకు రోజుకొక గోలీతోని అణిచి పెట్టొచ్చు. సి కి టీకా లేదు, కానీ మూడు నెలల గోలీలతోని నూటికి 95 మందికి పైన నయమైతది. బి కి టీకా ఉన్నది. సౌదీల 1989 నుంచే పిల్లలకు ఇస్తున్నరు. మన దేశంల సర్కారు టీకాల లెక్కన దేశమంతా వచ్చింది 2011ల. మన వయసోళ్లల్ల చానామందికి పడలేదు. 1997ల మన హైదరాబాద్‌ల శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు దేశంల మొదటిసారి ఈ టీకా తయారుచేసి ధర దించిన్రు. మన ఊరి పక్కన తయారైన టీకా మనకే పడకపోవుడు సిగ్గు కాదా?

"పరీక్ష చేయించుకుంటే పంపిస్తరు" అని కొందరంటరు. ఆ భయం ఉత్తదే అని మేము అనం. పంపిన కంపెనీలూ ఉన్నయి. కానీ దాచిన రోగం ఆగదు. ఇయ్యాల నడిచి పోయేటోడు, రేపు డబ్బాల పోవుడు మనం చూడలేదా? ఇక్కడ చేయించుకోను భయమైతే ఛుట్టీల ఇంటికాడ చేయించుకోండి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద సర్కారు దవాఖానలల్ల బి, సి పరీక్షలు, మందులు ఉత్తగనే ఇస్తరు. జిల్లా దవాఖానల అడగండి. లివర్ ఫంక్షన్ టెస్ట్, బి, సి రక్త పరీక్షలు, కడుపు స్కానింగ్ చేయించుకుంటే సంగతి చానావరకు తెలుస్తది. బి ఉన్నదని తేలితే భార్యకు, పిల్లలకు కూడా పరీక్ష చేయించాలె. లేదంటే టీకా మూడు సూదులు: మొదటిది, నెలకొకటి, ఆరో నెలకొకటి. అన్‌ఫిట్ అయినోడు ఏజెంటుతోని కొట్లాడి ఇంట్ల పండుకోవద్దు. ఏం రోగం వచ్చిందో రాసిన కాగితం అడిగి తీసుకొని డాక్టర్‌కు చూపించాలె.

ఇక్కడ ప్రైవేటు కంపెనీ పనోళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టాలె, చట్టం అది. సలహాకు 937 కొట్టండి. కండ్లు పచ్చగై మనిషి తికమకగ మాట్లాడినా, మత్తుగ పడి ఉన్నా, రక్తం కక్కినా, దొడ్డికి నల్లగ అయినా ఆగొద్దు, 997 కు అంబులెన్స్ కోసం ఫోన్ చెయ్యండి.

మా రూంల ఈ వారం నుంచి ఎవరి బ్లేడు వాళ్లకే. పళ్లెం మాత్రం అందరికీ ఒకటే. అప్పుడు పళ్లెం వేరు చేసిన ఆ అన్న ఈ పోస్టు చదివితే, మమ్మల్ని మాఫ్ చెయ్యి అన్నా.