ఇటలీ పల్లెలో వారం రోజులు: ఖర్చు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నా ముందుంది. ఆమెకు 54 సంవత్సరాలు, భర్తకు 60. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు. "ఈ ముప్ఫై ఏళ్ళలో ఇద్దరమే కలిసి తిరుపతి కూడా వెళ్ళలేదు డాక్టరుగారూ! ఎప్పుడూ పిల్లలో, అత్తగారో వెంట ఉండేవారు" అని రాశారు. ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత తీసి, ఎప్పుడో సినిమాలో చూసిన ఇటలీ పల్లెలూ ద్రాక్షతోటలూ ఒక్కసారి చూసి రావాలని కోరిక. పెద్ద హోటళ్ళలో దిగే స్తోమతు లేదు. ఆయనకు 14 ఏళ్ళుగా చక్కెర వ్యాధి, రెండు పూటలా ఇన్సులిన్. వెళ్ళవచ్చా అని ప్రశ్న. అంతవరకూ బాగానే ఉంది. సంతకం కింద మరో రెండు పంక్తులున్నాయి: "నాకు మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఆయనకు చెప్పలేదు. చెబితే ప్రయాణం మానేద్దామంటారు."

వెళ్ళవచ్చునమ్మా. ఇన్సులిన్ తీసుకునేవారు దేశాలు తిరగకూడదని ఏమీ లేదు. కాని ముందుగా ఆ రెండు పంక్తులూ ఆయనకు చూపించండి. ఆయనకు తెలియకపోతే ఏం జరుగుతుందో చెబుతాను. ఎక్కడ చవకో చూసి, కొండమీది ఊళ్ళో, నాలుగు వందల ఏళ్ళనాటి ఇంట్లో, మూడో అంతస్తులో గది తీసుకుంటారు. అలాంటి ఇళ్ళలో చాలావాటికి లిఫ్టు ఉండదు. మీరు మొదటి రోజు పళ్ళ బిగువున ఎక్కుతారు. రెండో రోజు రహస్యంగా నొప్పి మాత్ర వేసుకుంటారు. మూడో రోజు "నాకు ఓపిక లేదు, మీరు తిరిగిరండి" అంటారు. అక్కడికి మీ ఇద్దరి విహారం కాస్తా ఆయన ఒక్కరి విహారం అవుతుంది.

మోకాళ్ళ సంగతి తెలిస్తే ప్రయాణం మానుకోనక్కరలేదు, ఊరు మార్చుకుంటే చాలు. ఇలాంటి ప్రయాణం తలపెట్టిన ఇతర పాఠకులకూ పనికివస్తుంది గనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

రోము, ఫ్లోరెన్సు, వెనిస్ అంటూ రోజుకొక ఊరు తిరిగితే డబ్బూ పోతుంది, ఒళ్ళూ హూనమవుతుంది. ఒకేచోట వారం రోజులు మకాం పెడితే అద్దె తగ్గుతుంది, రైలు ఖర్చు తగ్గుతుంది, మందుల వేళలు తప్పవు, నిద్ర చెడదు. చవక ప్రయాణానికీ ఆరోగ్యకరమైన ప్రయాణానికీ చాలావరకు దారి ఒక్కటే కావడం మన అదృష్టం. తస్కనీ పేరు అందరికీ తెలుసు, అందుకే అక్కడ ధరలూ ఎక్కువ. దాని పక్కనే ఉన్న ఉంబ్రియా కూడా ఆలివు తోటలూ ద్రాక్షతోటలూ రాతి ఊళ్ళూ ఉన్న ప్రాంతమే, సాధారణంగా ఖర్చు తక్కువ.

ఉంబ్రియాలో స్పెల్లో అనే అందమైన ఊరుంది. సందులన్నీ ఏటవాలు. మోకాళ్ళు బాగున్నవారికి దానిని మించింది లేదు గాని, మీకు నేను చెప్పను. మీకు ఒర్వియేటో మేలు. అది పెద్ద బండమీద కట్టిన ఊరే అయినా రైల్వే స్టేషను ఎదుటి నుంచి తాడుతో లాగే రైలుపెట్టె మిమ్మల్ని పైకి చేరుస్తుంది. పైకి చేరాక ఊరు చాలావరకు చదును. రోము విమానాశ్రయం నుంచి తిబుర్తినా స్టేషనుకు మామూలు రైలు ఉంది. అక్కడ ఫ్లోరెన్సు వైపు వెళ్ళే ప్రాంతీయ రైలెక్కితే ఒర్వియేటోలో దిగవచ్చు. ఈ ప్రాంతీయ రైళ్ళ ధర ముందుగా కొన్నా అప్పటికప్పుడు కొన్నా ఒకటే. కాగితపు టికెట్టు కొంటే ఎక్కేముందు స్టేషనులోని యంత్రంలో ముద్ర వేయించుకోవడం మరచిపోకండి, లేకపోతే జరిమానా.

ఆ ఊళ్ళో 1527లో తవ్వకం మొదలుపెట్టిన పెద్ద బావి ఒకటుంది. రోము నగరాన్ని సైన్యాలు దోచుకున్నప్పుడు పారిపోయి వచ్చిన పోపు ఏడవ క్లెమెంటు తవ్వించాడు. నీళ్ళు మోసే కంచరగాడిదలు ఒకదానికొకటి ఎదురుపడకుండా దిగడానికొక మెట్ల వరస, ఎక్కడానికి మరొకటి. 248 మెట్లు. చూడవలసిన వింతే, సందేహం లేదు. అయితే సోదరీ, దిగినవారు ఎక్కితీరాలి. మోకాళ్ళకు ఎక్కడం కంటే దిగడం మరీ కష్టం. మీరు పైనే నిలబడి లోపలికి తొంగిచూడండి.

పల్లెలోనే ఉండాలనుకుంటే అక్కడి రైతులు తమ పొలంలోని ఇళ్ళను అద్దెకిస్తారు. వీటిని 'అగ్రితురిస్మో' అంటారు. 1985లో దీనికోసం ప్రత్యేకంగా చట్టమే చేశారు. సేద్యం ప్రధానంగా ఉండాలి, బస దానికి అనుబంధంగా ఉండాలి. వంటగది ఉన్న ఇల్లు అడగండి. కింది అంతస్తు అడగండి. ఊరికి ఎంత దూరం, బస్సుందా, స్టేషనుకు వచ్చి తీసుకెళతారా అన్నవి డబ్బు కట్టకముందే అడగండి. పల్లె బస్సులు ఆదివారం బాగా తక్కువ. కారు అద్దెకు తీసుకోవడం మాత్రం మీవారికి వద్దంటాను. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిట్టు కావాలి, అక్కడ బండి రోడ్డుకు కుడివైపున నడపాలి. ఇన్సులిన్ తీసుకునే మనిషికి కొత్త రోడ్డుమీద చక్కెర పడిపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది భోజనం వేళ. మన ఇళ్ళలో ఏడు గంటలకు ఇన్సులిన్ వేసుకుని ఏడున్నరకు కంచం ముందు కూర్చోవడం అలవాటు. ఇటలీ పల్లెల్లో మధ్యాహ్నం రెండున్నర దాటితే వంట పొయ్యి ఆర్పేస్తారు. దుకాణాలు కూడా ఒంటిగంట నుంచి సుమారు నాలుగు వరకు మూసేస్తారు. రాత్రి ఏడున్నరకు ముందు చాలా హోటళ్ళు తలుపే తీయవు, తీశాక కూడా వడ్డన నింపాదిగా సాగుతుంది. అలవాటు ప్రకారం ఏడింటికి సూది వేసుకుని బయలుదేరితే, పళ్ళెం వచ్చేసరికి తొమ్మిది కావచ్చు. ఈలోగా చెమటలు, వణుకు, తడబాటు. చూసేవారు తాగి ఉన్నాడనుకుంటారు. అందుచేత భోజనానికి ముందు వేసుకునే సూది, పళ్ళెం కళ్ళ ముందుకు వచ్చాకే వేసుకోవాలి. విమానంలోనూ ఇదే నియమం. (రోజుకొకసారి వేసే దీర్ఘకాలపు ఇన్సులిన్ సంగతి వేరు, దానికి వేళే ప్రధానం.) ఆయన జేబులో ఒకటి, మీ సంచిలో ఒకటి పంచదార పొట్లం ఎప్పుడూ ఉండాలి. లక్షణాలు కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్ళీ రక్తపరీక్ష చేయండి. తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, అంబులెన్సు పిలవండి. వేలు గుచ్చి చూసే ఆ చిన్న యంత్రం వాడటం మీరు కూడా ఇప్పుడే నేర్చుకోండి. 'సోనో దియాబెతికో' అంటే 'నాకు చక్కెర వ్యాధి ఉంది' అని. ఆ ముక్క కాగితంమీద రాయించి ఆయన పర్సులో పెట్టండి.

వైన్ సంగతి అడగలేదు గాని, అడగాలని ఉంటుంది. అలవాటు లేనివారు ఇటలీ కోసం మొదలుపెట్టనక్కరలేదు. పుచ్చుకునేవారు ఖాళీ కడుపున పుచ్చుకోకూడదు. ఇన్సులిన్ మీద ఉన్నవారిలో మద్యం తాగిన చాలా గంటల తర్వాత, అర్ధరాత్రి నిద్రలో కూడా, చక్కెర పడిపోవచ్చు.

రెండు పూటలా హోటల్లో తింటే డబ్బు మంచులా కరిగిపోతుంది. కూర్చున్నందుకే 'కోపెర్తో' అని మనిషికింత బిల్లులో వేస్తారు. ఒకపూట ఇంట్లో వండుకోండి. ఉంబ్రియాలో కాస్తెల్లుచ్చో అనే చోట పండే చిన్న చిన్న మసూరు గింజలకు మంచి పేరుంది. నానబెట్టనక్కరలేదు, ఇట్టే ఉడుకుతాయి. టమాటాతో పప్పు చేసుకుంటే చక్కెర రోగికి అంతకంటే ఏం కావాలి? అక్కడి సంప్రదాయపు రొట్టెలో ఉప్పు వేయరు, రక్తపుపోటు ఉన్నవారికి అది వరమే. అయితే దానితో నంజుకునే జున్నులో, ఎండు మాంసంలో ఆ ఉప్పంతా ఉంటుంది సుమా! శాకాహారులు మరొకటి గమనించాలి. పార్మెజాన్ జున్ను తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన తోడు వాడతారు. చిక్కుళ్ళ పులుసులో పంది కొవ్వు ఉండవచ్చు, అడిగి తినండి.

ఇంటినుంచి కందిపొడి, కారప్పొడి తీసుకువెళ్ళవచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసపు పచ్చడి మాత్రం సామానులో పెట్టవద్దు. పాలతో, మాంసంతో చేసినవి మన దేశం నుంచి ఐరోపా సమాఖ్య దేశాలలోకి తీసుకుపోనివ్వరు. పచ్చి కరివేపాకూ మామిడిపళ్ళూ కూడా అంతే. కుళాయి నీళ్ళు తాగవచ్చు, సీసా నీళ్ళకు డబ్బు తగలేయకండి. వీధి కుళాయిమీద 'నోన్ పొతాబిలే' అని ఉంటే మాత్రం ఆ నీళ్ళు తాగరాదు. ఇంకో చిన్న సంగతి. అక్కడి ఇళ్ళలో స్నానాలగదిలో కడుక్కునే తొట్టి ఉండితీరాలని 1975లోనే నిబంధన పెట్టారు. చెంబు మోసుకుపోనక్కరలేదు!

డబ్బు ఆదా చేయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది బీమా. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తప్పదు. చాలామంది అన్నిటికంటే చవకదాన్ని కొని రసీదు చూపిస్తారు. అందులో 'ముందునుంచి ఉన్న వ్యాధులు వర్తించవు' అన్న వాక్యం ఉంటే మీవారి విషయంలో అది దాదాపు చిత్తుకాగితమే. నాలుగు డబ్బులెక్కువైనా చక్కెర వ్యాధికి వర్తించేదే తీసుకోండి, దరఖాస్తులో వ్యాధి దాచవద్దు.

రెండవది మందులు. వారం ప్రయాణమైతే రెండు వారాలకు సరిపడా తీసుకోండి. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. విమానం కింది సామాను గదిలో గడ్డకట్టిపోతే అది పనికిరాదు. ఫ్రిజ్‌లో కూడా మంచు గదికి ఆనించకండి. వాడకంలో ఉన్నది ఎండ తగలకుండా, 30 డిగ్రీలు దాటకుండా ఉంచితే సాధారణంగా 4 వారాలు ఉంటుంది. మీరు వాడే రకం పెట్టెమీద చూసుకోండి. మందుల చీటీలో కంపెనీ పేర్లు కాక అసలు మందు పేర్లు ఇంగ్లీషులో రాయించుకోండి. మన పేర్లు అక్కడి మందుల దుకాణానికి తెలియవు. మనం వాడే పారాసిటమాలే అక్కడ 'తాకిపిరినా' పేరుతో దొరుకుతుంది. ఆకుపచ్చ శిలువ గుర్తు ఉంటే అది మందుల దుకాణం. మూసి ఉంటే, ఆ రాత్రి తెరిచి ఉండేది ఎక్కడో తలుపుమీద కాగితం అంటించి ఉంటుంది. ప్రాణంమీదికి వస్తే 112కు ఫోను చేయండి. బీమావారిని తర్వాత అడగవచ్చు.

వేసవిలో ఇటలీ సమయం మనకంటే మూడున్నర గంటలు వెనక. పోయేటప్పుడు రోజు అంతమేర పొడవవుతుంది, వచ్చేటప్పుడు కురచవుతుంది. ఏ మోతాదు ఎప్పుడో మీ డాక్టరుచేత కాగితంమీద రాయించుకోండి. జులై, ఆగస్టులు వద్దు. ఎండలూ ఎక్కువే, ధరలూ ఎక్కువే. మే నెల గాని, సెప్టెంబరు ఆఖరు గాని మంచిది. కొత్త చెప్పులతో బయలుదేరవద్దు. ఆ రాళ్ళ వీధుల్లో చక్కెర రోగి కాలికి బొబ్బ లేస్తే ఆయనకు తెలియకపోవచ్చు. రోజూ రాత్రి పాదాలు మీరు చూడండి. గడ్డిలో తిరిగివస్తే పిడుదులు పట్టాయేమో కూడా అప్పుడే చూడవచ్చు.

మీ మోకాళ్ళకు ఇప్పటినుంచే సాధన కావాలి. కుర్చీలో కూర్చుని ఒక కాలు నేలకు సమాంతరంగా చాచి, అయిదు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలు. రెండు నెలలు చేస్తే తేడా మీకే తెలుస్తుంది. మడిచే చేతికర్ర ఒకటి కొనుక్కోండి, అందులో సిగ్గు లేదు.

కొత్తగా పెళ్ళయినవారు ఈ శీర్షిక చదువుతుంటే వారికొక మాట. ఇలాంటి విహారాల్లో ఆడవారికి మూత్రంలో మంట రావడం మామూలు. నీళ్ళు బాగా తాగడం, కలయిక తర్వాత మూత్రవిసర్జన చేయడం మంచిది. జ్వరం, నడుమునొప్పి కూడా ఉంటే డాక్టరుకు చూపించాలి. బహిష్టు వాయిదా వేసే మాత్రలు పక్కింటివారి సలహామీద మింగకండి. సుదూర విమాన ప్రయాణంలో కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎలాగూ కొంత ఉంది, ఆ మాత్రలతో అది పెరగవచ్చు.

మళ్ళీ తెనాలి సోదరికి. మీ మోకాళ్ళ సంగతి చెప్పినప్పుడు, ఆయన ఏం దాచారో కూడా అడగండి. మగవారు మెట్లెక్కేటప్పుడు వచ్చే ఆయాసాన్ని వయసనీ, ఛాతీలో పట్టేస్తే గ్యాసనీ సర్దిచెప్పుకోవడం ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. పైగా చక్కెర రోగుల్లో గుండెకు ఇబ్బంది కలిగినా నొప్పి తెలియకపోవచ్చు. గుండె, కళ్ళు, మూత్రపిండాలు, పాదాలు ఆయనకూ, రక్తపుపోటు, మోకాళ్ళు మీకూ ఒకసారి పరీక్ష చేయించుకోండి. విమాన టికెట్లు కొనకముందే, ఇద్దరూ ఒకే రోజు వెళ్ళండి.