చూపు రోడ్డుపై, ధ్యాస ఫోన్‌పై: లెక్కల్లో చిక్కని ప్రమాద కారణం

దేశంలో 2023లో రోడ్డు ప్రమాదాలు 1,72,890 మందిని బలిగొన్నాయని కేంద్ర రహదారి రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వ శాఖ గణాంకాలు చెబుతున్నాయి. అంటే సగటున రోజుకు 474 మంది. ఈ మరణాలకు కారణాల పట్టికలో అగ్రస్థానం ఏటా అతివేగానిదే. 2022లో మరణాల్లో 71.2 శాతానికి అతివేగమే కారణమని ఆ శాఖ నివేదిక తేల్చింది. అదే పట్టికలో మొబైల్ ఫోన్ వినియోగం వాటా దాదాపు 2 శాతం మాత్రమే. ఏ కూడలిలోనైనా పది నిమిషాలు నిలబడి వాహన చోదకులను గమనించినవారికి ఈ అంకె నమ్మశక్యంగా అనిపించదు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ద్విచక్ర వాహనం నడిపేవారు, స్టీరింగ్ పక్కన బిగించిన తెరపై వీడియో చూస్తూ ఆటో నడిపేవారు, ఎర్రదీపం పచ్చగా మారినా తల ఎత్తని కారు యజమానులు మన రహదారులపై అరుదైన దృశ్యాలేమీ కావు. మరి వారి తప్పిదం లెక్కల్లోకి ఎందుకు రావడం లేదన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

ఒక్క ఏడాది తేడాతో మారిన అంకెలు

2021లో వాహనం నడుపుతూ ఫోన్ వాడటం వల్ల 1,997 ప్రమాదాలు జరిగాయని, 1,040 మంది మరణించారని ఇదే మంత్రిత్వ శాఖ నమోదు చేసింది. ఆ ఏటి మొత్తం మరణాల్లో ఇది ఒక శాతం కూడా కాదు. మరుసటి ఏడాదికే ఈ వాటా దాదాపు 2 శాతానికి చేరింది. పన్నెండు నెలల్లో దేశ ప్రజల ఫోన్ అలవాట్లు అంతగా మారిపోయాయని అనుకోలేం. నమోదు చేసే తీరు నిలకడగా లేదని భావించడమే సబబు.

దీనికి మూలం దర్యాప్తు తీరులో ఉంది. ప్రమాదం జరిగిన చోట వేగానికి ఆనవాళ్లు మిగులుతాయి. టైర్ల గుర్తులు, నుజ్జయిన వాహనం, ప్రత్యక్ష సాక్షుల మాటలు అందుకు ఆధారాలవుతాయి. పరధ్యానానికి మాత్రం ఏ ఆనవాలూ మిగలదు. కాల్ వివరాలు తెప్పించుకుంటే చోదకుడు ఆ క్షణాన మాట్లాడుతున్నాడో లేదో తెలియవచ్చు. కానీ అతడు సందేశం చదువుతున్నాడా, వీడియో చూస్తున్నాడా, మ్యాప్‌ను వేలితో జరుపుతున్నాడా అన్నది ఆ వివరాల్లో ఉండదు. బతికిన చోదకుడు తనంతట తాను ఒప్పుకోడు. మరణించిన చోదకుడు చెప్పలేడు. చివరకు ప్రాథమిక సమాచార నివేదికలో ‘అతివేగం, నిర్లక్ష్యం’ అన్న అలవాటైన మాటలే చేరతాయి. నాడు భారతీయ శిక్షా స్మృతి, నేడు భారతీయ న్యాయ సంహిత. చట్టం పేరు మారినా ఆ మాటలు మాత్రం మారలేదు. కారణం నమోదు కానప్పుడు దానికి తగిన నివారణ, నిధులు, ప్రచారం కూడా ఉండవు. పరధ్యానపు డ్రైవింగ్‌పై చర్చ జరిమానాల దగ్గరే ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

కళ్లుండీ చూడలేని స్థితి

పరధ్యానాన్ని నిపుణులు మూడు రకాలుగా విభజిస్తారు. చూపు రోడ్డు మీద నుంచి తొలగడం మొదటిది. చేయి స్టీరింగ్ లేదా హ్యాండిల్ వదలడం రెండోది. మనసు డ్రైవింగ్ మీద నుంచి మళ్లడం మూడోది. సందేశం టైప్ చేయడంలో ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి. అందుకే అది అన్నింటికన్నా ప్రమాదకరం.

చిన్న లెక్క వేస్తే విషయం స్పష్టమవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు సాగుతుంది. ఫోన్ తెరపై చూపు ఐదు సెకన్లు నిలిస్తే, ఆ వాహనం 83 మీటర్లు చూపులేకుండానే ప్రయాణించినట్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఇది 111 మీటర్లు. ఊళ్ల మధ్య నుంచి సాగే మన జాతీయ రహదారులపై అంత దూరంలో ఒక పశువుల మంద అడ్డు రావచ్చు, బడి పిల్లలు రోడ్డు దాటవచ్చు, ఎదురుదారిలో ట్రాక్టర్ రావచ్చు.

మూడో రకం పరధ్యానం కంటికి కనిపించదు గనుక దాన్ని ఎవరూ లెక్కచేయరు. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటే చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా అన్నది చాలామంది ధీమా. పరిశోధనలు ఆ ధీమాను బలపరచడం లేదు. డ్రైవింగ్‌లో ఫోన్ వాడేవారు ప్రమాదానికి గురయ్యే అవకాశం వాడనివారితో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. చేత్తో పట్టుకుని మాట్లాడటం కన్నా చేతులు వాడకుండా మాట్లాడటం పెద్దగా సురక్షితం కాదని కూడా ఆ సంస్థ స్పష్టం చేసింది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ స్ట్రేయర్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనం మరో అడుగు ముందుకు వేసింది. ఫోన్‌లో మాట్లాడుతూ నడిపేవారి సామర్థ్యం, ఆ దేశ చట్టం నిషేధించిన మోతాదులో మద్యం తాగినవారి స్థాయికి పడిపోతుందని సిమ్యులేటర్ పరీక్షల్లో తేల్చింది. సంభాషణలో మునిగిన మెదడు కంటి ముందున్న దృశ్యాన్ని పూర్తిగా స్వీకరించదు. చోదకుడు చూస్తూనే ఉంటాడు, కానీ గ్రహించడు.

పక్క సీటులోని వ్యక్తితో మాట్లాడటమూ ఇలాంటిదే కదా అని కొందరు వాదిస్తారు. తేడా ఉంది. పక్కన కూర్చున్నవారికి రోడ్డు కనిపిస్తుంది. మలుపు రాగానే, లారీ ఎదురుకాగానే వారు మాట ఆపుతారు, అవసరమైతే హెచ్చరిస్తారు. ఫోన్‌లో అవతలివారికి అదేమీ తెలియదు. వారు జవాబు కోసం ఒత్తిడి చేస్తూనే ఉంటారు.

చట్టం ఎక్కడుంది?

డ్రైవింగ్‌లో ఫోన్ వాడకం నేరమేనా అన్న సందేహం కొంతకాలం క్రితం వరకు న్యాయస్థానాల్లోనూ తలెత్తింది. కేరళ పోలీసు చట్టం కింద నమోదైన ఒక కేసులో, ప్రజా భద్రతకు ముప్పు కలిగించనంత వరకు ఫోన్‌లో మాట్లాడుతూ నడపడాన్ని ఆ చట్టంలోని నిబంధన ప్రకారం నేరంగా పరిగణించలేమని కేరళ హైకోర్టు 2018లో తీర్పునిచ్చింది. మరుసటి ఏడాది పార్లమెంటు ఆమోదించిన మోటారు వాహనాల సవరణ చట్టం ఈ లోటును కొంత పూరించింది. చేత్తో పట్టుకునే సమాచార సాధనాలను డ్రైవింగ్‌లో వాడటాన్ని 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చింది. తొలి నేరానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మూడేళ్లలోపు మళ్లీ అదే నేరం చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంతకు ముందే, 2015లో, సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ ఇలాంటి చోదకుల లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

2020 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు, దారి తెలుసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెదరని రీతిలో, ఫోన్ వాడుకోవచ్చని వెసులుబాటు ఇచ్చాయి. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. చట్టం ‘చేత్తో పట్టుకునే’ సాధనాల గురించే మాట్లాడుతోంది, శాస్త్రం మాత్రం చేతులు వాడని సంభాషణ కూడా ముప్పేనంటోంది. ఇక దారి చూసుకుంటున్నానని చెప్పే చోదకుడు నిజానికి ఏం చూస్తున్నాడో తేల్చడం రోడ్డు మీది కానిస్టేబులుకు సాధ్యం కాదు. బ్రిటన్ 2022 మార్చిలో తన చట్టాన్ని బిగించి, ఫొటో తీయడం, పాటల జాబితా వెతకడం సహా ఫోన్‌ను చేతబట్టి చేసే దాదాపు ప్రతి పనినీ నేరం చేసింది. నిర్వచనం ఎంత స్పష్టంగా ఉంటే అమలు అంత సులువు అన్నది అక్కడి అనుభవం నుంచి మనం గ్రహించవలసిన అంశం.

రెండు విషాదాల పాఠం

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని లెవెల్ క్రాసింగ్‌పై బడి బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ రైలు ఢీకొంది. పదిహేను మందికి పైగా మరణించారు, వారిలో అత్యధికులు చిన్నారులు. డ్రైవర్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడన్న ఆరోపణ అప్పట్లో వినిపించింది. నాలుగేళ్లు తిరగకముందే, 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో అలాంటి క్రాసింగ్‌పైనే బడి వ్యానును రైలు ఢీకొని 13 మంది పిల్లలు మరణించారు. చోదకుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నట్లు ప్రాథమికంగా తెలిసిందని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి నాడు ప్రకటించారు.

రెండు చోట్లా ప్రజాగ్రహం చోదకుడి మీదికే మళ్లింది. అది సహజమే. కానీ ఇలాంటి ప్రమాదాలు మళ్లీ జరగకుండా చేసింది చోదకులకు చెప్పిన హితబోధ కాదు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని లెవెల్ క్రాసింగ్‌లన్నింటినీ రైల్వే శాఖ తొలగించింది. కొన్నింటిని మూసివేశారు, కొన్నింటికి కాపలా పెట్టారు, మరికొన్ని చోట్ల కింది నుంచి దారి నిర్మించారు. ఒక్క మనిషి ధ్యాస తప్పితే పదుల ప్రాణాలు పోయే ఏర్పాటునే రద్దు చేశారు. మనిషి ఎప్పుడో ఒకప్పుడు ఏమరుతాడు. ఆ ఏమరుపాటు మరణశిక్ష కాకుండా చూడటం వ్యవస్థ బాధ్యత. పట్టాల విషయంలో మనం నేర్చిన ఈ పాఠాన్ని రోడ్ల విషయంలో ఇంకా పూర్తిగా అమలు చేయలేదు. వేగ నియంత్రణ, పాదచారులకు విడిగా దారి, ఊరి పొలిమేరల్లో కూడళ్ల పునర్నిర్మాణం వంటివి పరధ్యానపు దుష్ఫలితాలను కూడా తగ్గిస్తాయి. 2022లో రోడ్డు మృతుల్లో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులు, 19.5 శాతం పాదచారులు. కారులోని వ్యక్తి చూపు తిప్పుకుంటే మూల్యం చెల్లించేది చాలాసార్లు కారు బయట ఉన్నవారే.

ఫోన్ చేసేవారి బాధ్యత

ఈ చర్చలో తరచూ మరుగున పడే కోణం మరొకటి ఉంది. చోదకుడి ఫోన్ దానంతట అది మోగదు, ఎవరో ఒకరు చేస్తేనే మోగుతుంది. ఆహారం, సరకులు ఇళ్లకు చేర్చే యువకుల జీవనోపాధి మొత్తం హ్యాండిల్‌కు బిగించిన తెర మీదే నడుస్తోంది. కొత్త ఆర్డరు రాగానే కొద్ది సెకన్లలో అంగీకరించాలి, దారి చూసుకోవాలి, ‘ఎక్కడున్నారు’ అని అడిగే వినియోగదారుకు జవాబు చెప్పాలి. క్యాబ్ డ్రైవర్లది, సరకు లారీ డ్రైవర్లది ఇదే పరిస్థితి. వీరికి జరిమానా వేయడంతో సమస్య సగమే తీరుతుంది. కదులుతున్న వాహనానికి ఆర్డరు పంపకుండా, అంగీకరించడం ఆలస్యమైనందుకు ఆదాయం తగ్గించకుండా యాప్‌లను తీర్చిదిద్దే బాధ్యతను సంస్థలపై చట్టబద్ధంగా ఉంచితే మిగిలిన సగం తీరుతుంది.

వాహన తయారీదారుల పాత్ర కూడా తక్కువేమీ కాదు. ఏసీ తగ్గించడానికి సైతం తెరను వేలితో వెతకవలసిన కార్లు పెరుగుతున్నాయి. ఐరోపా వాహన భద్రతా మదింపు సంస్థ యూరో ఎన్‌క్యాప్, 2026 నుంచి హారన్, వైపర్లు, ఇండికేటర్ల వంటి వాటికి మీటలు విడిగా ఉంటేనే అత్యున్నత రేటింగ్ ఇస్తామని ప్రకటించింది. 2023లో మొదలైన మన భారత్ ఎన్‌క్యాప్ కూడా ఈ దిశగా ఆలోచించవచ్చు.

చోదకులు పాటించదగినవి

నివారణలో పెద్ద భాగం బయలుదేరక ముందే పూర్తవుతుంది. వెళ్లవలసిన చోటును మ్యాప్‌లో ముందే పెట్టుకుని, దారి సూచనలు మాట రూపంలో వినిపించేలా చేసుకోవాలి. నేటి స్మార్ట్‌ఫోన్లలో చాలావాటికి డ్రైవింగ్ వేళ కాల్స్‌ను, సందేశాలను ఆపి అవతలివారికి దానంతట అదే జవాబు పంపే సదుపాయం ఉంది. దాన్ని శాశ్వతంగా అమర్చుకోవడం మేలు. ఫోన్‌ను చేతికి అందని సంచిలోనో, వెనుక సీటులోనో ఉంచితే సగం ప్రలోభం తగ్గుతుంది. తప్పనిసరిగా మాట్లాడవలసి వస్తే రోడ్డు పక్కన సురక్షితమైన చోట పూర్తిగా ఆగాలి. సిగ్నల్ దగ్గర నిలిచిన సమయం ఫోన్ చూసుకునే విరామం కాదు. ద్విచక్ర వాహనంపై శిరస్త్రాణం లోపల ఫోన్ దూర్చి మాట్లాడటం ఏకాగ్రతతో పాటు శిరస్త్రాణం ఇచ్చే రక్షణకూ చేటే. తినడం, జడ సరిచేసుకోవడం, వెనక్కి తిరిగి పిల్లలను మందలించడం కూడా పరధ్యానమేనని గుర్తుంచుకోవాలి.

కుటుంబాలు చేయగలిగింది ఇంకా సులువు. ఫోన్ ఎత్తగానే ‘బండి మీద ఉన్నావా?’ అని అడిగి, అవునంటే వెంటనే పెట్టేయడం ఒక ఇంటి ఆచారంగా మారాలి. కార్యాలయాల్లో పై అధికారులు ప్రయాణ వేళల్లో కాల్ ఎత్తనందుకు సంజాయిషీ అడగకపోవడం కూడా రహదారి భద్రతే. ప్రభుత్వాలు ప్రమాద దర్యాప్తులో పరధ్యానాన్ని విడి కారణంగా తప్పక పరిశీలించి నమోదు చేయాలి. లెక్కలు సరిగా ఉంటేనే విధానాలు సరిగా ఉంటాయి. 2023లో రోజుకు 474 ప్రాణాలు పోయిన దేశంలో, వాటిలో ఎన్ని ఒక్క ఫోన్ మోతకు పోయాయో తెలుసుకోవడం ఆ కుటుంబాలకు మనం తీర్చవలసిన కనీస బాధ్యత.