తెర పోయిందని తొందరపడకండి



పిల్లల చదువు కొరకు, సంఘపు లెక్కల కొరకు ల్యాప్‌టాప్ కొనుక్కున్న కుటుంబాలు మన పల్లెలలోనూ ఉన్నవి. ఒకనాడు తెర వెలుగు తగ్గదు, పెరగదు. వెంటనే "తెర పోయింది" అనుకొని తాండూరులోనో వికారాబాదులోనో రైలెక్కి సికింద్రాబాదుకు పరుగెత్తుతాము. తెర మార్చాలంటే వేలల్లో ఖర్చు. ఆ డబ్బు కందులమ్మిన డబ్బు కావచ్చు, పిల్లవాని ఫీజు కావచ్చు. గనుక ముందు ఇంటిలోనే ఈ పరీక్షలు చేయండి.

మొదటిది, పై వరుసలో సూర్యుని గుర్తున్న మీటలు చూడండి. వాటిని ఒంటిగా నొక్కి చూడండి, తరువాత 'ఎఫ్‌ఎన్' మీటతో కలిపి నొక్కండి. కొన్ని యంత్రాలలో ఎఫ్‌ఎన్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే ఈ పద్ధతి మారిపోతుంది. పిల్లలు తెలియక నొక్కి ఉండవచ్చు.

రెండవది, విండోస్ 11లో విండోస్ మీట, 'ఎ' కలిపి నొక్కితే మూలన వెలుగు గీత వస్తుంది. దానిని జరిపితే వెలుగు మారుతున్నదా? అయితే తెర మంచిదే, లోపం మీటల వైపున్నది. వెలుగు దానంతటదే తగ్గుతుంటే బ్యాటరీ పొదుపు పద్ధతిని, సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లేలో ఆటోమేటిక్ బ్రైట్‌నెస్‌ను ఆపి చూడండి.

మూడవది, ఆ గీతే కనబడకపోతే స్టార్ట్ గుర్తుపై కుడి బొత్తాము నొక్కి, 'డివైస్ మేనేజర్'లో 'డిస్‌ప్లే అడాప్టర్స్' తెరవండి. అక్కడ 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే, తెరను నడిపించే అసలు డ్రైవర్ లేదని అర్థం. ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైటులో మీ మోడల్ నంబరు వెదికి దానిని వేసుకోండి. అప్‌డేట్ తరువాతనే ఈ బాధ మొదలైతే, అడాప్టర్ ప్రాపర్టీస్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కితే పాతది తిరిగి వస్తుంది. దీనికి ముందు పని సేవ్ చేసుకొని, ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూచుట మరువకండి.

వైరుతో తగిలించిన టీవీకి, ప్రొజెక్టరుకు ఈ మీటలు సాధారణంగా పనిచేయవు. వాటి వెలుగు వాటి బొత్తాములతోనే మార్చాలి.

చివరిది, తెర పూర్తిగా చీకటైతే టార్చిలైటు ఏటవాలుగా వేసి చూడండి. అక్షరాలు లీలగా కనబడితే బొమ్మ వస్తున్నది, వెనుక దీపమో దానికి కరెంటిచ్చే భాగమో చెడినది. అప్పుడు మెకానిక్ దగ్గరకు వెళ్ళవలసినదే. మీరు చేసిన పరీక్షలన్నీ ఆయనకు చెప్పండి, తెర మార్చమనే ముందు కారణం అడగండి.

ఒక్క మాట తల్లిదండ్రులకు. తెర ప్రక్కన తెల్లకాగితం పెట్టండి. తెర దీపంలాగ మెరిస్తే వెలుగు ఎక్కువైనట్లు, బూడిద రంగుగా కనబడితే తక్కువైనట్లు. రాత్రి చదివే బిడ్డ కళ్ళు మంటలంటే, మందుల షాపుకు వెళ్ళే ముందు ఆ వెలుగు కూడా సరిచూడండి.