కూలోళ్ల వైద్య నిధిలో యజమానికి సగం పెత్తనం

యూరప్‌లో ఆస్ట్రియా అని ఒక చిన్న దేశం. అక్కడి సంగతి మనకెందుకని కొందరు మిత్రులు అడిగారు. సామాన్యుడి పేరు చెప్పి గద్దెనెక్కినోళ్లు సామాన్యుడి వైద్యాన్ని ఏం చేస్తారో తెలుసుకోవడానికని మా జవాబు.

అక్కడ ఫ్రీడం పార్టీ ఉంది. 1956లో పుట్టింది. దాని మొదటి నాయకుడు హిట్లర్ ఎస్.ఎస్. దళంలో పనిచేసినవాడు. పరాయి దేశం నుంచి వచ్చినోళ్ల వల్లే మీకీ కష్టాలని చెప్పి ఓట్లు అడుగుతుంది. 2017 డిసెంబర్‌లో పీపుల్స్ పార్టీతో కలిసి ప్రభుత్వంలో చేరింది. ఆరోగ్య శాఖ దాని చేతికొచ్చింది.

హోటళ్లలో పొగ తాగరాదని 2015లోనే చట్టం చేశారు. 2018 మే నుంచి అమలు కావాలి. పార్టీ నాయకుడు స్ట్రాహె సిగరెట్ తాగే మనిషి. స్వేచ్ఛ అని చెప్పి ఆ నిషేధాన్ని ఎత్తేయించాడు. మరి రోజంతా ఆ పొగలో ప్లేట్లు మోసేవాడి స్వేచ్ఛ సంగతేంటి? దాదాపు 8 లక్షల 82 వేల మంది సంతకాలు పెట్టినా ప్రభుత్వం కదల్లేదు. 2019 మేలో స్ట్రాహె రహస్య వీడియో బయటపడి ప్రభుత్వం కూలాకే, ఆ నవంబర్ 1 నుంచి నిషేధం వచ్చింది.

పొగ సంగతి అందరికీ కనబడింది. కనబడనిది ఇంకొకటుంది. కార్మికుల జీతంలో కొంత కోసి, యజమాని కొంత కలిపి నడిపే వైద్య బీమా నిధులు అక్కడ రాష్ట్రానికొకటి, మొత్తం తొమ్మిది. వాటి పాలక మండళ్లలో కార్మిక ప్రతినిధులదే మెజారిటీ. ఒక్కోచోట ఒక్కో లెక్క ఉండేది, నిజమే. సరిచేయాల్సిందే. కానీ 2018 డిసెంబర్ చట్టం ఏం చేసింది? తొమ్మిదిటినీ ఒక్కటి చేసి, కొత్త బోర్డులో సగం కుర్చీలు యజమానులకిచ్చింది. మేమూ చందా కడుతున్నాం కదా అని వాళ్ల వాదన. కడుతున్నారు, కాదనం. కానీ ఆ నిధితో వైద్యం చేయించుకునేది కార్మికులూ వాళ్ల పిల్లలూ. యజమానుల బీమా వేరే. 2019 డిసెంబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం కూడా ఈ సగం వాటాను తప్పనలేదు.

ఇందువల్ల వంద కోట్ల యూరోలు మిగిలి రోగులకే చేరతాయని ఆ పార్టీ తరఫు మంత్రి ఊరించింది. 2022లో ప్రభుత్వ ఆడిటర్లు లెక్క తీస్తే మిగులు లేదు సరికదా, సుమారు ఇరవై ఒకటిన్నర కోట్ల యూరోల అదనపు ఖర్చు తేలింది.

2024 సెప్టెంబర్ ఎన్నికల్లో అదే పార్టీ దాదాపు 29 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచింది. ఓటేసినోళ్లలో కూలి చేసుకునేవాళ్లు చాలామంది. అప్పటికీ ఆ బోర్డులో సగం కుర్చీలు యజమానులవే.