ఎవరి రుణం ఎవరికి?

మార్చి 8కి మా కాలేజీలో మహిళా ఉద్యోగులందరికీ ఒక కార్యక్రమం పెట్టారు. వచ్చిన వక్త వ్యక్తిత్వ వికాస నిపుణురాలు. గులాబీరంగు అట్ట ఉన్న చిన్న నోట్‌బుక్కులు పంచి, రోజూ పడుకోబోయే ముందు కృతజ్ఞత చెప్పుకోవలసిన మూడు విషయాలు రాసుకోమన్నారు. అక్కడే ఒకసారి రాయించి చదివించారు కూడా. “ఇవాళ మీటింగుంది కదా అని మా వారే కాఫీ పెట్టి ఇచ్చారు” అని మా సహోద్యోగి ఒకామె చదివింది. హాలంతా చప్పట్లు. ఇరవయ్యేళ్లుగా రోజుకి రెండుసార్లు ఆమె పెట్టిన కాఫీ ఆ ఇంట్లో ఎవరి నోట్‌బుక్కులోకైనా ఎక్కిందా అని అడగాలనిపించింది. అడగలేకపోయాను. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

కృతజ్ఞత చెడ్డదని నేననడం లేదు. ఈ నోట్‌బుక్కుల వెనక పరిశోధన ఉంది. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థుల చేత వారం వారం తమకు జరిగిన మేళ్లనీ, కొందరి చేత చిరాకుల్నీ, ఇంకొందరి చేత మామూలు సంఘటనల్నీ రాయించారు. మేళ్లు రాసుకున్నవాళ్లు తమ జీవితం బాగుందని ఎక్కువగా చెప్పారు. నిజమే అయ్యుంటుంది. కానీ చిరాకు వేరు, అన్యాయం వేరు. కరెంటు పోవడం చిరాకు. ఇంటిపనంతా ఒక్కరి మీదే పడడం చిరాకు కాదు, ఒక ఏర్పాటు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానిమీద రోజుకి 289 నిమిషాలు గడిపితే, మగవాళ్లు గడిపింది 88 నిమిషాలు. తేడా మూడు గంటల పైమాటే. ఆ మూడు గంటలూ అయ్యాక ఏ రాత్రో కూర్చుని, ఆ 88 నిమిషాలకి కృతజ్ఞత రాసుకోమని మనకి చెబుతున్నారు. ఆ మూడు గంటల గురించి రాసుకోమని మగవాళ్లకి ఏ కాలేజీలోనూ నోట్‌బుక్కులు పంచగా నేను చూడలేదు.

అసలు ఆ మాట అర్థం ఏమిటి? కృతం అంటే చేసినది. జ్ఞత అంటే ఎరుక. ఎవరు ఏం చేశారో తెలిసి ఉండడమే కృతజ్ఞత. చేసినదాన్ని చంపేయడం కృతఘ్నత. ఈ అర్థంలో చూస్తే, మనకి నేర్పుతున్నది కృతజ్ఞత కాదు. జరిగిన పనిని మరిచిపోయి, దొరికిన దయని గుర్తుపెట్టుకోవడం. హక్కుగా రావలసినదాన్ని దానంగా పుచ్చుకోవడం. “ఉద్యోగం చేయనిస్తున్నారు,” “పుట్టింటికి పంపుతారు,” “కట్నం అడగలేదు” - ఇవన్నీ మనం కళ్లు చెమర్చి చెప్పుకునే మేళ్లు. నేరం చేయకపోవడం కూడా మేలే అయిపోయింది మనకి.

ఇతరుల సంగతి చెప్పడం తేలిక. మొన్న నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం తీసి మొదటి పేజీ చూసుకున్నాను. “నన్ను చదువుకోనిచ్చిన మా వారికి, వారి సహనానికి రుణపడి ఉంటాను” అని రాసి ఉంది. నా చదువు ఆయన సహించవలసిన విషయం ఎందుకైందో అప్పుడు నాకు తట్టలేదు. మగ పరిశోధకుల పేజీల్లో కథ ఇంకోలా ఉంటుంది. బ్రూస్ హోల్సింగర్ అనే అమెరికన్ ఆచార్యుడు 2017లో అలాంటి వాక్యాలు పోగుచేసి బయటపెట్టారు. రాతప్రతి మొత్తం టైపు చేసిన భార్యకి ధన్యవాదాలు ఉంటాయి, ఆమె పేరు మాత్రం ఉండదు. మనం అనుమతికి కృతజ్ఞత చెబుతాం, వాళ్లు శ్రమకి చెబుతారు. ఇద్దరి లెక్కలోనూ పని చేసిన మనిషి మాయమవుతుంది.

నా పేజీలోంచి మాయమైన మనిషి ఇంకొకామె ఉంది. ఆ అయిదేళ్లూ మా ఇంట్లో అంట్లు తోమి, బట్టలుతికి, నా కూతుర్ని బడి నుంచి తీసుకొచ్చి, నేను లైబ్రరీ నుంచి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉన్న మనిషి. నాకన్నా పదేళ్లు పెద్దది. నేను ఆమెని “నువ్వు” అనేదాన్ని, ఆమె నన్ను “మీరు” అనేది. నా పరిశోధనాంశం స్త్రీల కథల్లో శ్రమ. ఆ శ్రమ గురించి నేను రాసుకోవడానికి కావలసిన గంటలు ఆమె చేతుల్లోంచి వచ్చాయి.

ఒక రోజు ఆమె జీతం అయిదు వందలు పెంచమనీ, నెలకి రెండు రోజులు సెలవు కావాలనీ అడిగింది. నా నోట వచ్చిన మొదటి మాట: “నీకెంత చేశాను! మీ అమ్మాయి పరీక్ష ఫీజు కట్టిందెవరు? పండక్కి చీర పెట్టిందెవరు?” ఆమె కాసేపు ఊరుకుంది. “ఫీజు కట్టినందుకు అప్పుడే దణ్ణం పెట్టానమ్మా. ఇది పనికి అడుగుతున్నా” అంది. కృతజ్ఞత గురించి నేను చదివిన ఏ పుస్తకమూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. సెలవులు ఇచ్చాను. జీతం మూడు వందలే పెంచాను. అది కూడా నా మంచితనం అనుకున్నాను. నా భర్త “చదువుకోనివ్వడం” ఎటువంటిదో, నా ఈ మంచితనమూ అటువంటిదే.

ప్రభుత్వాలు చేసేదీ ఇదే, పెద్ద ఎత్తున. 2020 మార్చి 22 సాయంత్రం మనందరం బాల్కనీల్లో నిలబడి కంచాలు మోగించాం. ఆ మోతలో ఆశా కార్యకర్తలకి చెప్పిన కృతజ్ఞత కూడా ఉంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకి అవార్డూ ఇచ్చింది. కానీ వాళ్లని ఉద్యోగులుగా గుర్తించలేదు. వాళ్లు “స్వచ్ఛంద” కార్యకర్తలు, వాళ్లకిచ్చేది పారితోషికం. అంగన్‌వాడీలకిచ్చేది “గౌరవ వేతనం”. గౌరవం ఎక్కువైనచోట వేతనం తక్కువగా ఉంటుందన్నమాట. 2022 ఏప్రిల్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలూ ఆయాలూ గ్రాట్యుటీకి అర్హులేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గ్రాట్యుటీ, గ్రాటిట్యూడ్ - రెంటికీ లాటిన్ మూలం ఒక్కటే. ఆ గ్రాట్యుటీ కోసం, జీతాల పెంపు కోసం ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేశారు. 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. కృతజ్ఞతని చట్టం ప్రకారం లెక్కగట్టి ఇమ్మంటే అది నేరంగా కనిపించింది.

అందుకని నేను అనేది ఇది: ముందు బాకీ, తర్వాత దణ్ణం. బాకీ తీర్చకుండా చెప్పే కృతజ్ఞత పని చేయించుకునేవాళ్ల సౌకర్యం కోసమే. బాకీ తీరాక, కాదనగల స్వేచ్ఛ ఉన్నచోట, మనిషికి మనిషి చెప్పుకునే కృతజ్ఞత ఎంతో అందమైనది. జ్వరంలో ఉన్నప్పుడు పక్కింటావిడ తెచ్చిన చారన్నం, మన రాతప్రతిని రాత్రంతా కూర్చుని దిద్దిన స్నేహితురాలి పెన్సిలు గీతలు - వీటికి లెక్క లేదు, ఉండనక్కర్లేదు. ఆ అందాన్ని వదులుకోమని నేననను. లెక్క ఉన్నచోట దాన్ని అడ్డం పెట్టుకోవద్దంటాను.

గులాబీ నోట్‌బుక్కు పారేయలేదు. రాత్రిళ్లు అందులో వేరే మూడు విషయాలు రాసుకుంటున్నాను. ఇవాళ నా కోసం ఎవరు పని చేశారు? ఎంతసేపు చేశారు? నేనెంత ఇచ్చాను? చదువుకోవడానికి హాయిగా ఉండదు. ప్రశాంతంగా నిద్రపట్టించే పుస్తకం కాదది.

నా సిద్ధాంత గ్రంథం ఇప్పుడు పుస్తకంగా రాబోతోంది. ముందు పేజీ మళ్లీ రాయడానికి కూర్చున్నాను. “చదువుకోనిచ్చిన” అన్న మాట కొట్టేశాను. ఆమె పేరు రాయబోతే ఇంటిపేరు తెలియలేదు. అయిదేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఆమె ఇప్పుడు ఊరి చివర కాలనీలో కూతురి దగ్గర ఉంటోందట. వెళ్లాలి. తన పేరు వేయడం ఆమెకి ఇష్టమో కాదో అడగాలి. ఆ రోజు తగ్గించి ఇచ్చిన నెలకి రెండు వందల చొప్పున, ఆ తర్వాత ఆమె చేసిన పద్దెనిమిది నెలలకీ లెక్క కట్టి పట్టుకెళ్లాలి. పేరు సంగతి ఆ తర్వాతే అడగాలి.