ఊకె ఉండనియ్యండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి రోజుల్లో పాతుకున్న చెట్టును తవ్వి మరోచోట పెట్టే పని ఎవరూ చెయ్యకూడదు. మేము చేశాం. తప్పలేదు.

ముప్పై ఏళ్లు అద్దెకున్న గౌలిపుర ఇంటిని కూల్చి కొత్తది కట్టుకుంటామన్నారు ఓనరుగారు. మే నెలాఖరులో ఉప్పుగూడలో రెండో అంతస్తుకు మారాం. సామానుతో పాటు అత్తమ్మ నాటిన గుండుమల్లెనూ తెచ్చుకున్నాం. మిట్టమధ్యాహ్నం గడ్డపారతో తవ్వితే వేర్లను పట్టుకున్న మట్టి సగం అక్కడే రాలిపోయింది.

మర్నాటికే ఆకులు వేలాడిపోయాయి. ఇక నా సేవ మొదలు. రోజుకు మూడుసార్లు నీళ్లు, గుప్పెడు డీఏపీ. పైగా ఎండ తగలాలని కుండీని డాబా నడిమధ్యన పెట్టాను. వారంలో ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలడం మొదలుపెట్టాయి.

పక్క పోర్షన్ ఆపా చూసి ఒకటే మాట అంది. "పానీ కమ్, ఛావ్ జ్యాదా." నీళ్లు తగ్గించు, నీడ పెంచు అని.

ఆలోచిస్తే అదే నిజం. తవ్వినప్పుడు ముందు తెగేవి నీళ్లు పీల్చే సన్నవేర్లే. పైన ఆకులేమో ఎండకు నీటిని వదులుతూనే ఉంటాయి. అందుకే మట్టి తడిగా ఉన్నా చెట్టు వాడుతుంది. దాహమనుకుని ఇంకా పోస్తే వేర్లకు గాలాడక కుళ్లిపోతాయి. ఎరువు వేస్తే అందులోని ఉప్పు ఆ గాయాలను మాడుస్తుంది. అంటే నేను ప్రేమగా చేసినవన్నీ దానికి బాధలే!

కొమ్మలు మూడోవంతు కత్తిరించాను. ఉన్న నాలుగు మొగ్గలూ మనసు చంపుకుని గిల్లేశాను. మెట్ల పక్క నీడకు మార్చి, మధ్యాహ్నం పూట పాత నూలు చీర అడ్డం కట్టాను. మొదట్లో ఎండుటాకులు పరిచాను. పొద్దున్నే వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు పోశాను. ప్రాణం ఉందా అని గోటితో కొమ్మ మీద చిన్నగా గీరాను. లోపల పచ్చగా ఉంది. అంతే, ఇక ముట్టుకోలేదు. నందివర్ధనం మాత్రం దక్కలేదు.

ఇదే రోజుల్లో అత్తమ్మ కూడా సరిగ్గా తినేవారు కాదు. నేనూ, మావారూ, పిల్లలూ ఆమె వెంటపడ్డాం. టీవీ పెట్టాం, గుడికి తీసుకెళ్లాం, పక్కింటివాళ్లతో మాట్లాడమని పోరాం. "అలవాటు చేసుకోవాలి అత్తమ్మా" అని రోజుకు పదిసార్లు అన్నాను. మొండితనం అని మనసులో విసుక్కున్నాను కూడా. ఒకరోజు ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని, "నన్ను జర ఊకె ఉండనియ్యి బిడ్డా" అన్నారు.

ఆడవాళ్లం మనకు సేవ చెయ్యడం నేర్పారు కానీ, ఆగడం ఎవరూ నేర్పలేదు. ఎవరైనా వాడిపోతే ఏదో ఒకటి చెయ్యకపోతే తప్పు చేసినట్టుంటుంది మనకు. కానీ వేర్లు తెగినవాళ్లకు ముందు కావాల్సింది నీడ. తిండి, బలం, పూలు తర్వాత సంగతి. వదిలెయ్యమని కాదు నా మాట. రోజూ చూడాలి, అవసరమైనంతే చెయ్యాలి.

అత్తమ్మ కుర్చీని వీధి కనబడే కిటికీ దగ్గర వేశాను. పాత ఇంట్లోలాగే నాలుగింటికి చాయ్ ఇచ్చి నా పనిలో నేనుంటున్నాను.

మృగశిర వచ్చి చల్లబడ్డాక కుండీని కొద్దికొద్దిగా ఎండకు జరిపాను. లాల్‌దర్వాజ బోనాల నాటికి కణుపుల దగ్గర ఎర్రటి చిగుళ్లు కనిపించాయి. అత్తమ్మే ముందు చూశారు. ఆవేళ రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

ఇప్పటికీ గౌలిపుర ఇంటినే "మనిల్లు" అంటారు. నేను సరిదిద్దడం మానేశాను.